చేత్తో నొక్కితే నడుస్తుంది



మా ఊళ్ళో బస్టాండు వెనక ఒక మందుల హోల్‌సేల్ కొట్టు ఉంది. రాత్రి 9 గంటలకు అది మూసే తీరు ఏళ్ళ తరబడి ఒకటే. గుమాస్తా క్యాష్ లెక్క రాస్తాడు. కుర్రాడు అట్టపెట్టెలు లోపలికి లాగుతాడు. ఎవరో ఒకరు గోడమీది మెయిన్ స్విచ్ దించేస్తారు. కొట్టంతా చీకటైపోతుంది, ఒక్క ఫ్రిజ్ మాత్రం గుర్రుమంటూనే ఉంటుంది. ఇన్సులిన్, టీకా మందులు అందులో ఉంటాయి కాబట్టి దాని లైను వేరు. దాన్ని ఎవరూ ఆపరు. ఆ తర్వాత షట్టరు దిగుతుంది. ఈ మెయిన్ స్విచ్‌నీ, ఆ ఫ్రిజ్ లైనునీ కాస్త గుర్తుపెట్టుకోండి.

మొన్న మార్చి 27న పొద్దున్నే ఆ కొట్టు యజమాని నాకు ఫోన్ చేశాడు. ఆయన పిల్లలిద్దరూ పాలిటెక్నిక్‌లో నా దగ్గర చదువుకున్నారు. అందుకని ఆయనకూ నేను మాస్టారినే. "మాస్టారూ, లెక్కల ఫైలు తెరుచుకోవట్లేదండీ. పాడైపోయిందంటోంది. అయినా ఫర్వాలేదులెండి, రోజూ రాత్రి తొమ్మిదిన్నరకు దానంతటదే కాపీ అవుతుంది కదా. మీరొచ్చి ఆ కాపీ తీసిపెడితే చాలు" అన్నాడు. గొంతులో కంగారు ఏమాత్రం లేదు.

వెళ్ళి కాపీలుండే ఫోల్డర్ తెరిచాను. అన్నిటికన్నా కొత్త కాపీ మీద తేదీ జనవరి 12. అంటే సంక్రాంతికి ముందుది. నడుమ 73 రాత్రులు గడిచిపోయాయి. ఆర్థిక సంవత్సరం ముగింపు నాలుగు రోజుల్లోకి వచ్చింది. గుమాస్తా నా భుజం మీదుగా ఆ తేదీ చూశాడు. ఏమీ అనలేదు. నిచ్చెన తెచ్చుకుని అటక మీంచి బిల్లు పుస్తకాల కట్టలు దింపడం మొదలుపెట్టాడు.

విండోస్ కంప్యూటర్లో వేళకు జరగాలని పెట్టిన పనులు ఎందుకు జరగవు, ఎక్కడ ఆగాయో ఎలా వెతికి పట్టుకోవాలి అన్నదే ఈ రోజు మన ముచ్చట. ఆ కొట్టు కంప్యూటర్ను ముందు పెట్టుకునే చెబుతాను. ఎందుకంటే రావలసిన జబ్బుల్లో చాలావరకు దానికే వచ్చాయి.

కొట్లో లెక్కల కాపీ కావచ్చు, బడిలో హాజరు రిపోర్టు కావచ్చు, ఆసుపత్రిలో తెల్లారేసరికి తయారు కావలసిన పట్టిక కావచ్చు. వేళ చెప్పి కంప్యూటర్‌కు అప్పగిస్తాం. కొన్నాళ్ళు నడుస్తుంది. తర్వాత ఎప్పుడాగిందో ఎవరికీ తెలియదు. బాగుచేసేవాణ్ణి పిలిచాక అందరూ చెప్పే మాట మాత్రం ఒకటే. "నేను చేత్తో నొక్కితే నడుస్తోందండీ, రాత్రి మాత్రం నడవదు." ఆ మాట నాకు విసుగు తెప్పించదు, సంతోషం కలిగిస్తుంది. జబ్బు ఎక్కడుందో సగం ఆ మాటే చెప్పేస్తుంది.

విండోస్‌లో ఈ వేళల సంగతి చూసేదాని పేరు టాస్క్ షెడ్యూలర్. స్టార్ట్ మెనూలో ఆ పేరు టైపు చేస్తే వస్తుంది. ఈ ఏర్పాటు కొత్తదేమీ కాదు. యూనిక్స్ యంత్రాల్లో క్రాన్ అనే ప్రోగ్రాము 1970ల నుంచీ ఇదే పని చేస్తోంది. విండోస్ 95కు విడిగా అమ్మిన ప్లస్ ప్యాక్‌లో సిస్టమ్ ఏజెంట్ పేరుతో వచ్చింది. విండోస్ 98లో షెడ్యూల్డ్ టాస్క్స్ అయింది. ఇప్పుడు మనం చూసే రూపం విండోస్ విస్టాతో వచ్చింది. మనం ఏమీ పెట్టకపోయినా విండోస్ తన సొంత పనులు డజన్లకొద్దీ అందులో పెట్టుకుని ఉంటుంది. మైక్రోసాఫ్ట్ అన్న ఫోల్డర్ కింద కనిపించేవి అవే. వాటి జోలికి పోకండి.

మనం ఊరెళ్తూ పక్కింటాయనకు తాళంచెవి ఇచ్చి, "మొక్కలకు కాసిని నీళ్ళు పోయండి" అని చెప్పి బస్సెక్కుతాం. మోటారు స్విచ్ ఎక్కడుందో చెప్పం. పెరటి తలుపుకు వేరే తాళం ఉందని చెప్పం. పైపు రెండో మేడ మీద ఉందని చెప్పం. మనకు అవి చెప్పాల్సిన సంగతులని కూడా తోచవు, రోజూ చేసే పని కదా. ఆయన వస్తాడు, తలుపు దగ్గర నిలబడతాడు, వెళ్ళిపోతాడు. టాస్క్ షెడ్యూలర్ ఆ పక్కింటాయన లాంటిది. చెప్పినంత మేరకు నిజాయితీగా చేస్తుంది. చెప్పనిది ఊహించుకోదు.

మీరు చేత్తో నొక్కినప్పుడు ఆ గదిలో ఏమేమి ఉన్నాయో ఒకసారి లెక్కపెట్టండి. కరెంటు ఉంది. కంప్యూటర్ మెలకువగా ఉంది. మీ పేరుతో లాగిన్ అయి ఉంది. పొద్దున మీరు తెరిచిన నెట్‌వర్క్ డ్రైవ్ ఉంది. తెర మీద ఏదైనా ప్రశ్న వస్తే జవాబు నొక్కడానికి మీరున్నారు. మరి రాత్రి 9:30కి వీటిలో ఎన్ని ఉన్నాయి? షెడ్యూలర్ చిక్కుల్లో చాలా భాగం ఈ ఒక్క ప్రశ్నతోనే విడిపోతాయి.

ఇక కొట్టుకు వెళ్దాం.

షెడ్యూలర్ తెరిచి, ఎడమపక్క లైబ్రరీ మీద నొక్కితే మనం పెట్టిన పనులన్నీ వరసగా కనిపిస్తాయి. అందులో రెండు గడులు ముందు చూడాలి. ఒకటి లాస్ట్ రన్ టైమ్, అంటే చివరిసారి ఎప్పుడు నడిచింది. రెండోది లాస్ట్ రన్ రిజల్ట్, అంటే నడిచి ఏమని చెప్పింది. కొట్టు కంప్యూటర్లో చివరిసారి నడిచిన తేదీ చూసి యజమాని నవ్వాడు. 1999 నవంబరు 30 అని ఉంది. "అప్పటికి కొట్టే లేదు కదండీ" అన్నాడు. ఒక్కసారి కూడా నడవని పనికి విండోస్ చూపించే తేదీ అది. పక్కన రిజల్టు 0ఎక్స్41303. దాని అర్థం ఈ పని ఇంతవరకూ మొదలే కాలేదని. అంటే ఈ 73 రాత్రుల్లో కాపీ చెడిపోయింది కాదు, ఎవరూ బయలుదేరనే లేదు.

వెతికేటప్పుడు మొదట తేల్చుకోవలసింది ఇదే. పని అసలు బయలుదేరలేదా, బయలుదేరి దారిలో పడిపోయిందా? ఈ రెంటికీ మందులు వేరు. బయలుదేరకపోతే వేళ, కరెంటు, షరతులు చూడాలి. బయలుదేరి పడిపోతే దారులు, అనుమతులు, పాస్‌వర్డ్ చూడాలి. ఇది తేల్చుకోకుండా ఊరికే అటూ ఇటూ టిక్కులు మార్చుకుంటూ పోతే, ఉన్న జబ్బు పోకపోగా కొత్తది తగులుతుంది.

రోజువారీ కథ తెలియాలంటే హిస్టరీ కావాలి. చిక్కేమిటంటే, మామూలుగా విండోస్‌లో ఈ హిస్టరీ మూసి ఉంటుంది. షెడ్యూలర్ కుడిపక్క పట్టీలో ఎనేబుల్ ఆల్ టాస్క్స్ హిస్టరీ అని ఉంటుంది. అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి దాన్ని ఒక్కసారి నొక్కండి. అక్కణ్ణుంచి ప్రతి కదలికా ఒక నంబరుతో రాసి పెడుతుంది. పని మొదలైతే 100, ముగిస్తే 102. బయలుదేరకపోతే ఎందుకు బయలుదేరలేదో దానికో నంబరు. నేను ఆ రోజు చేసిన మొదటి పని ఇదే.

మరి జనవరి 12 వరకూ నడిచిన పని ఎందుకు ఆగింది? అడిగితే గుమాస్తా చెప్పాడు. సంక్రాంతి ఆఫర్లో కొత్త ల్యాప్‌టాప్ కొన్నారు. పాత డెస్క్‌టాప్ ఫ్రిజ్ పక్కనే, ఫ్రిజ్ లైను మీదే ఉండేది. అది రాత్రంతా వెలుగుతూనే ఉండేది. ల్యాప్‌టాప్ వచ్చాక దాన్ని ముందు బల్ల మీద పెట్టారు. ఆ బల్ల లైను మెయిన్ స్విచ్‌తో పాటే పోతుంది. పైగా కొట్టు మూసేటప్పుడు గుమాస్తా ల్యాప్‌టాప్ మూత మూసేస్తాడు. మూత మూస్తే అది నిద్రపోతుంది. 9:30కి వేళ వస్తుంది, ఎవరూ లేవరు, వేళ దాటిపోతుంది. మర్నాడు పొద్దున మూత తెరిచాక తప్పిన పనిని తిరిగి అందుకోవాలని చెప్పే టిక్కు ఒకటి సెట్టింగ్స్ పేజీలో ఉంటుంది. అది మామూలుగా ఖాళీగా ఉంటుంది. కొట్లోనూ ఖాళీగానే ఉంది.

మొదటి రాత్రికి మూత మూసినా నిద్రపోకుండా పవర్ ఆప్షన్లు మార్చి, ఇంటికి వచ్చేశాను. మర్నాడు హిస్టరీలో 326 అని ఉంది. కంప్యూటర్ బ్యాటరీ మీద ఉంది కాబట్టి పని మొదలుపెట్టలేదని దాని భావం. కండిషన్స్ పేజీలో, గోడ కరెంటు ఉంటేనే ఈ పని మొదలుపెట్టు అనే టిక్కు ఉంటుంది. కొత్త పని పెట్టినప్పుడల్లా ఆ టిక్కు దానంతటదే పడి ఉంటుంది. డెస్క్‌టాప్‌కు బ్యాటరీ లేదు కాబట్టి దాని సంగతి ఎవరికీ తట్టలేదు. పనిని పాత కంప్యూటర్ నుంచి ఉన్నదున్నట్టు కొత్తదానికి తెచ్చుకున్నప్పుడు ఆ టిక్కు కూడా చడీచప్పుడు లేకుండా వెంట వచ్చింది. ల్యాప్‌టాప్ నిద్రపోకపోయినా, మెయిన్ స్విచ్ దించిన ప్రతి రాత్రీ అదే అడ్డుపడేది.

ఆ టిక్కు తీసేయవచ్చు. కానీ నేను తీయలేదు. కాపీ నడుస్తూ ఉండగా బ్యాటరీ అయిపోతే సగం ఫైలు మిగులుతుంది, అది అసలు లేకపోవడం కన్నా ప్రమాదం. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ల్యాప్‌టాప్ ప్లగ్గును ఫ్రిజ్ లైను మీదికి మార్పించాం. కంప్యూటర్ జబ్బుకు మందు స్క్రూడ్రైవర్‌తో వేయవలసి రావడం చూసి యజమానికి తమాషాగా అనిపించింది.

రెండో రాత్రి హిస్టరీలో 332. కరెంటుంది, మెలకువ ఉంది, కానీ ఆ పని ఎవరి పేరు మీద ఉందో ఆ మనిషి లాగిన్ అయి లేడు. కొట్లో రెండు ఖాతాలున్నాయి, యజమానిది ఒకటి, గుమాస్తాది ఒకటి. పని యజమాని పేరు మీద పెట్టారు. ఆయన సాయంత్రం ఏడింటికే తన ఖాతా మూసి ఇంటికెళ్తాడు. రాత్రి తెరిచి ఉండేది గుమాస్తా ఖాతా. పని పెట్టే మొదటి పేజీలో, ఈ ఖాతా లాగిన్ అయి ఉంటేనే నడుపు అనేది ఒకటి, లాగిన్ అయినా కాకపోయినా నడుపు అనేది ఇంకొకటి ఉంటాయి. మామూలుగా మొదటిదే ఎంచి ఉంటుంది. రాత్రి పనులకు రెండోది కావాలి.

రెండోది ఎంచి సేవ్ చేయబోతే పాస్‌వర్డ్ అడిగింది. యజమాని ఖాతాకు అసలు పాస్‌వర్డే లేదు. "మన కొట్టే కదా, ఎందుకండీ" అన్నాడు. పాస్‌వర్డ్ లేని ఖాతాతో మనిషి లేనప్పుడు పని నడపడానికి విండోస్ మామూలుగా ఒప్పుకోదు. తెర ముందు కూర్చున్నవాడికి మాత్రమే ఆ సౌకర్యం. ఇక్కడే ఇంకో మాట. చాలామంది ల్యాప్‌టాప్ తెరవడానికి నాలుగంకెల పిన్ వాడతారు. షెడ్యూలర్‌కు ఆ పిన్ పనికిరాదు, ఖాతా అసలు పాస్‌వర్డే కావాలి. పిన్ వాడీవాడీ అసలు పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్ళు ఇక్కడ తెల్లమొహం వేస్తారు. ఇంకోటి, పాస్‌వర్డ్ మార్చిన రోజున షెడ్యూలర్‌లోకి కూడా వెళ్ళి కొత్తది ఇవ్వాలి. దానికి తెలిసింది పాతదే, పాపం రాత్రి వచ్చి పాత తాళంచెవే తిప్పుతుంది. మూడు నెలలకోసారి పాస్‌వర్డ్ మార్చాలనే నియమం ఉన్న ఆఫీసుల్లో పనులు మూడు నెలలకోసారి ఎందుకు ఆగుతాయో చూడండి, చాలాసార్లు కారణం ఇదే. రిజల్టు చివర 52ఈ అని ఉంటే లాగిన్ కుదరలేదని గుర్తు.

పాస్‌వర్డ్ పెట్టాం. అతిజాగ్రత్తకు పోయి, ఈ పాస్‌వర్డ్ దాచుకోవద్దు అనే టిక్కు కూడా నేనే పెట్టాను. దాని ఫలితం మీకు కాసేపట్లో చెబుతాను.

మూడో రాత్రి పని బయలుదేరింది. యజమాని పొద్దున్నే ఫోన్ చేసి, "నడిచిందండీ, కానీ రిజల్టు 0ఎక్స్10 అంటోంది" అన్నాడు. ఈ అంకెలతో ఒక చిన్న మోసం ఉంది. ముందు 0ఎక్స్ ఉందంటే అది 16ల లెక్క. అక్కడ 10 అంటే మన 16. కాపీ చేసేది విండోస్‌లోనే ఉండే రోబోకాపీ అనే ఆదేశం. అది 16 అని చెప్పిందంటే ఒక్క ఫైలు కూడా కదల్లేదని అర్థం.

ఎందుకు కదల్లేదు? కాపీ వెళ్ళవలసింది మేడ మీద ఫ్రిజ్ లైనుకే తగిలించిన చిన్న నెట్‌వర్క్ డిస్కు పెట్టెకు. పగలు ఆ పెట్టె జెడ్ డ్రైవ్‌గా కనిపిస్తుంది. ఆ రోబోకాపీ ఆదేశం రాసిపెట్టిన బ్యాచ్ ఫైలులో జెడ్ అనే రాశారు. ఆ జెడ్ అన్నది లాగిన్ అయినప్పుడు ఆ మనిషి కోసం వేసుకున్న ముద్దు పేరు. ఎవరూ లాగిన్ కాని రాత్రి వేళ ఆ పేరుతో పిలిస్తే పలికేవాళ్ళు లేరు. రాత్రి పనులకు ముద్దు పేరు పనికిరాదు, పూర్తి చిరునామా ఇవ్వాలి. అంటే వెనక్కి వాలిన గీతలు రెండు, ఆ తర్వాత పెట్టె పేరు, ఆ తర్వాత ఫోల్డర్ పేరు.

చిరునామా మార్చాం. నాలుగో రాత్రి కూడా అదే 16. ఈసారి తప్పు నాది. పాస్‌వర్డ్ దాచుకోవద్దని టిక్కు పెట్టాను కదా. ఆ టిక్కు ఉంటే పని ఆ కంప్యూటర్ వరకే పరిమితం. గడప దాటి నెట్‌వర్క్‌లో ఇంకో తలుపు తట్టినప్పుడు చూపించడానికి దాని చేతిలో ఏమీ ఉండదు. డిస్కు పెట్టె దాన్ని లోపలికి రానివ్వలేదు. టిక్కు తీసి, పాస్‌వర్డ్ ఇచ్చి, అదే పేరూ అదే పాస్‌వర్డూ డిస్కు పెట్టెలో కూడా ఉన్నాయని చూసుకున్నాం.

ఐదో రాత్రి తెల్లారాక మళ్ళీ ఫోన్. ఈసారి గొంతులో నిరాశ. "మాస్టారూ, 0ఎక్స్1 వచ్చిందండీ. ఇంకా ఎర్రరే." నేను ఫోల్డర్ తెరవమన్నాను. తేదీ చూడమన్నాను. రెండు క్షణాలు నిశ్శబ్దం. "నిన్నటి ఫైలు ఉందండీ!"

ఇది కొంచెం విడమరచి చెప్పాలి. మామూలు ప్రోగ్రాములు 0 అంటే క్షేమం, 1 అంటే ఏదో తప్పు అని చెబుతాయి. రోబోకాపీ పద్ధతి వేరు. కాపీ చేయడానికి కొత్తగా ఏమీ లేకపోతే 0 అంటుంది. ఫైళ్ళు చక్కగా కాపీ చేస్తే 1 అంటుంది. 8, ఆపైన వస్తేనే ఏదో ఫైలు చెడినట్టు. షెడ్యూలర్ ఆ అంకెను అందుకుని, అలాగే చూపిస్తుంది. అది తపాలా బంట్రోతు లాంటిది, కవరు తెచ్చి ఇస్తుంది. లోపలి ఉత్తరం చదివి అర్థం చెప్పదు. ఏ ప్రోగ్రాము నడిపామో దాని భాషలో ఆ అంకెకు అర్థం ఏమిటో మనమే చూసుకోవాలి.

దీనికి తిరగబడ్డ రూపం ఇంకా ప్రమాదం. రిజల్టు 0ఎక్స్0 అని శుభ్రంగా ఉంటుంది, పని మాత్రం జరగదు. బ్యాచ్ ఫైలులో పది ఆదేశాలుంటే షెడ్యూలర్‌కు చేరేది చాలాసార్లు చివరి ఆదేశం చెప్పిన మాటే. ముందు కాపీ చెడిపోయి, చివర్లో పాత ఫైలు చెరిపే చిన్న పని బాగా జరిగితే, పై నుంచి చూసేవాడికి అంతా క్షేమమే. 0 అంటే ప్రోగ్రాము గొడవ లేకుండా ముగిసిందని. కాపీ డిస్కు మీదికి చేరిందనడానికి సాక్ష్యం డిస్కే ఇవ్వాలి.

కొట్టు కథలో రాని చిక్కులు కొన్ని మీ దగ్గర ఉండొచ్చు. త్వరగా చెబుతాను.

ఒకటి, ఫోల్డర్ సంగతి. యాక్షన్స్ పేజీలో స్టార్ట్ ఇన్ అనే గడి ఉంటుంది. నింపినా నింపకపోయినా ఫర్వాలేదని పక్కనే ఆప్షనల్ అని రాసి ఉంటుంది, అందుకని అందరూ వదిలేస్తారు. వదిలేస్తే పని విండోస్ సొంత ఫోల్డర్ అయిన సిస్టమ్32లో నిలబడి మొదలవుతుంది. మీ బ్యాచ్ ఫైలు పక్కనున్న ఫైలును ఉత్త పేరుతో పిలిస్తే అక్కడ దొరకదు. రిజల్టు 0ఎక్స్2 అంటుంది, ఫైలు కనిపించలేదని. మీరు చేత్తో రెండుసార్లు నొక్కినప్పుడు ఆ ఫోల్డర్లోనే ఉండి నొక్కుతారు కాబట్టి నడుస్తుంది. ఈ గడిలో ఫోల్డర్ దారి రాయండి, కానీ కొటేషన్ గుర్తులు పెట్టకండి. పైన ప్రోగ్రాము గడిలో ఖాళీలున్న దారికి కొటేషన్లు పెట్టిన అలవాటు కొద్దీ ఇక్కడా పెడితే, చివర 10బి వచ్చే పొడవాటి అంకె కనిపిస్తుంది. ఫోల్డర్ పేరే తప్పని దాని మాట. మా విద్యార్థి ఒకడు రెండు రోజులు దీని మీద తల పట్టుకుని కూర్చున్నాడు. ఆఖరికి తీసేసింది రెండు గుర్తులు.

రెండు, జవాబు కోసం ఎదురుచూసే పనులు. లాగిన్ లేకుండా నడిచే పనికి తెర ఉండదు. అది వేరే లోకంలో, మన కళ్ళకు కనిపించకుండా నడుస్తుంది. బ్యాచ్ ఫైలు చివర, ఏదైనా మీట నొక్కండి అనే పాజ్ ఆదేశం ఉందనుకోండి. మీట నొక్కేవాడు లేడు. పని అక్కడే నిలబడి ఉంటుంది. షెడ్యూలర్ 0ఎక్స్41301 అంటుంది, అంటే ఇంకా నడుస్తూనే ఉందని. రెండో రాత్రి వేళకు, నిన్నటిది ఇంకా ముగియలేదు కాబట్టి కొత్తది మొదలుపెట్టను అంటుంది. మామూలుగా మూడు రోజులు చూసి పాతదాన్ని బలవంతంగా ఆపుతుంది. అలా మూడు రోజులకోసారి మాత్రమే నడిచే రోజువారీ పనులు నేను చూశాను.

మూడు, తేదీలు. నెలకోసారి 31వ తేదీన నడవాలని పెడితే ఏడు నెలలే నడుస్తుంది. మిగతా ఐదు నెలల్లో 31 లేదు. రోజుల జాబితా చివర లాస్ట్ అని ఉంటుంది, నెలాఖరుకు అదే ఎంచుకోండి. పాత కంప్యూటరైతే గడియారం కూడా చూడండి. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఉంటుంది, అది అయిపోతే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ ఎప్పుడో ఏళ్ళ వెనక్కి వెళ్ళిపోతుంది. దాని లెక్కలో మీ వేళ ఇంకా రాలేదు. అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఇంకో తిరకాసు. అక్కడ చాలాచోట్ల మార్చి రెండో ఆదివారం తెల్లవారుజామున గడియారం 2 నుంచి ఒక్క గెంతులో 3కు వెళ్తుంది. ఆ రోజు రెండున్నర అనేదే ఉండదు. అందుకని రాత్రి పనులను ఆ గంటలో పెట్టకుండా ఉంటే మంచిది.

ఇన్ని చెప్పాక ఒక్క పరీక్ష చెబుతాను. ఇది అన్నిటికన్నా ముఖ్యం. బ్యాచ్ ఫైలు మీద రెండుసార్లు నొక్కి, నడిచింది కదా అనుకోవడం పరీక్ష కాదు. పగలు మనం ఉండగా నొక్కితే నడవక ఏమవుతుంది? ట్రిగర్‌ను, అంటే పని మొదలయ్యే వేళను, ఇప్పటినుంచి ఐదు నిమిషాల తర్వాతకు మార్చండి. ఖాతా సైన్ అవుట్ చేయండి. రాత్రి మూత మూసే అలవాటుంటే మూయండి. మెయిన్ దించే అలవాటుంటే దించండి. లేచి వెళ్ళి టీ తాగి రండి. అంటే పట్టపగలే ఆ గదిలో కాసేపు రాత్రి తెప్పించండి. తిరిగొచ్చి ఫోల్డర్ చూడండి. అప్పుడు దొరికే తప్పే నిజమైన తప్పు. ఒకసారికి ఒక్కటే మార్చండి. మార్చినది కాగితం మీద రాసుకోండి. నాకు ఐదు రాత్రులు పట్టాయి, ఈ పరీక్ష మొదటి రోజే చేసి ఉంటే ఒక మధ్యాహ్నంలో తేలిపోయేది.

తెర లేని పని ఏం మాట్లాడిందో తెలియడానికి, ఆ బ్యాచ్ ఫైలు చెప్పే మాటలన్నీ ఒక టెక్స్ట్ ఫైలులోకి మళ్ళించండి. రోబోకాపీకైతే అందుకు సొంత ఏర్పాటే ఉంది. ఎన్ని ఫైళ్ళు వెళ్ళాయి, ఎన్ని ఆగాయి, ఎందుకు ఆగాయి అన్నీ అందులో రాసిపెడుతుంది. జెడ్ డ్రైవ్ సంగతి మాకు చెప్పింది ఆ ఫైలే. వారానికోసారి ఏదో ఒక కాపీని వేరే చోట తెరిచి, లోపల లెక్కలు కనిపిస్తున్నాయో లేదో చూడండి. తెరుచుకోని కాపీ ఉన్నా లేనట్టే.

ఇంతకీ ఆ 73 రోజుల లెక్కలు ఏమయ్యాయని మీరు అడుగుతారు. గుమాస్తా, ఆ కుర్రాడు కలిసి బిల్లు పుస్తకాలు ముందు వేసుకుని 11 రోజులు కూర్చున్నారు. ఒకరు చదవడం, ఒకరు కొట్టడం. బిల్లు నంబరు, మందు పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, పెట్టెలెన్ని. కార్బన్ మసకబారిన చోట కొన్నవాళ్ళకు ఫోన్ చేసి అడిగారు. ఆ కంప్యూటర్ తాను రాత్రిళ్ళు పని చేయలేదన్న సంగతి దాచలేదు. షెడ్యూలర్ తెరిచిన ఎవరికైనా ఆ 1999 నవంబరు 30 కనిపించేది. రెండున్నర నెలల్లో దాన్ని తెరిచినవాళ్ళు ఎవరూ లేరు, అంతే. పొలం కౌలుకిచ్చినా గట్టు మీదికి వెళ్ళి చూసొచ్చే రైతు ఉంటాడు. యంత్రానికి అప్పగించిన పని దగ్గర మాత్రం ఆ గట్టు సంగతే మర్చిపోతాం.

మొన్నామధ్య జలుబు మాత్రల కోసం ఆ కొట్టు వైపు వెళ్ళాను. పొద్దున తొమ్మిదింపావు. షట్టరు అప్పుడే లేచింది. గుమాస్తా గల్లాపెట్టె మీది దేవుడి పటానికి అగరుబత్తి వెలిగించి, ల్యాప్‌టాప్ తెరిచి, ఫోల్డర్ చూసి, పక్కనున్న క్యాష్ పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. తొంగి చూశాను. నిన్నటి క్యాష్ మొత్తం కింద, ఎర్ర సిరాతో చిన్న అక్షరాలు. "కాపీ 9:34. చూశాను." పైన మొన్నటిది, దాని పైన అటుమొన్నటిది. రోజుకొకటి, ఒక్కటీ తప్పలేదు.

షెడ్యూలర్‌లో ఆ గడి ఎక్కడా లేదు. ఆయన గీసుకున్నాడు.